రక్షక కణాల ఆకలి

'రోగనిరోధక శక్తి' అన్న మాటను మనం తరచు వాడుతూ ఉంటాము. ఆ శక్తికి కూడ ఆహారం కావాలన్న సంగతి మాత్రం సాధారణంగా మన తలపునకు రాదు. రక్షణ బాధ్యత వహించే టి-కణం శత్రుకణాన్ని గుర్తించిన తరువాత వేగంగా విభజన చెందుతుంది. శత్రువును హతమార్చే ప్రోటీనులను తయారుచేస్తుంది. ఇందుకు దానికి గ్లూకోజు విస్తారంగా కావలసి ఉంటుంది. కాన్సరు కణితి కోరుకునేది కూడ గ్లూకోజునే. చిక్కంతా ఇక్కడ ఉన్నది.

ప్రాణవాయువు అందుబాటులో ఉన్నప్పటికీ కణితి గ్లూకోజులో చాలా భాగాన్ని పూర్తిగా దహించక లాక్టిక్ ఆమ్లంగా మార్చివేస్తుందని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బర్గ్ 1920 దశకంలోనే గమనించారు. ఈ పద్ధతిలో ఒక గ్లూకోజు అణువునుండి కణానికి దక్కేవి రెండు ఏ.టి.పి. అణువులు మాత్రమే; పూర్తిగా దహిస్తే సుమారు ముప్పయి దక్కుతాయి. ఇంత దుబారా కనుకనే కణితికి గ్లూకోజు అంతగా అవసరమవుతుంది. పెట్ స్కానింగులో అనేక కణితులు మెరుస్తూ కనిపించడానికి కారణం ఇదే.

కణితిలో రక్తనాళాలు అస్తవ్యస్తంగా పెరుగుతాయి. ప్రాణవాయువు లోపలిదాకా చేరదు. ఆమ్లం బయటికి పోదు. అక్కడికి చేరిన టి-కణం చావకపోయినా సత్తువ ఉడిగిపోతుంది. గ్లూకోజు కొరవడినప్పుడు అది ఇంటర్‌ఫెరాన్-గామా అనే ముఖ్యమైన ప్రోటీనును తగినంత తయారుచేయలేదని 2015లో ఎలుకలపై జరిపిన పరిశోధనలు తెలిపాయి. విచిత్రమేమంటే, రోగనిరోధక వ్యవస్థకు కళ్ళెం వేసే నియంత్రక టి-కణాలు ఆ ఆమ్లాన్నే ఆహారంగా వాడుకోగలవు. కళ్ళేనికి బలం, గుర్రానికి పస్తు!

అయితే దోషమంతా కాన్సరు కణాలదేనని తీర్మానించడం తొందరపాటు. ఎలుకల కణితులలో, కణానికి కణం లెక్కన, గ్లూకోజును అధికంగా గ్రహించేవి మాక్రోఫేజుల వంటి మన సొంత తెల్లకణాలేనని, కాన్సరు కణాలు గ్లుటమిన్‌ను ఎక్కువగా తీసుకుంటాయని 2021లో వెల్లడయినది. కనుక తీపి మానివేస్తే కణితి మాడిపోతుందన్న ప్రచారాన్ని నమ్మరాదు. రోగి పస్తున్నా కాలేయం గ్లూకోజును తయారుచేసి రక్తంలోకి పంపుతూనే ఉంటుంది. అందుకు కండరాలు కరగవలసి వస్తుంది.

రోగి టి-కణాలనే వెలుపలికి తీసి, మార్పుచేసి, తిరిగి ఎక్కించే కార్-టి చికిత్స మన దేశంలోనే రూపొంది, 2023లో కొన్ని రక్తసంబంధమైన కాన్సర్లకు అనుమతి పొందినది. గట్టి కణితులపై ఇటువంటి చికిత్స ఇంకా అంతగా ఫలించకపోవడానికి గల కారణాలలో పైన చెప్పిన ఆవరణం ఒకటి. ఆ కరవులో కూడ పనిచేయగల టి-కణాలను రూపొందించే ప్రయత్నాలు ప్రయోగశాలలలో సాగుతున్నాయి.