నాలుగు బ్యాటరీలకూ ఒకే న్యాయం



ముదిగుబ్బలో నీటికి కరువు గానీ ఎండకు కరువు లేదు. ఇక్కడి నుంచి కదిరి దాటి వెళితే వచ్చే నంబులపూలకుంటలో 2016 నుంచి పెద్ద సోలార్ పార్కు కరెంటు తీస్తోంది. ఆ ఎండనే చిన్న ఎత్తున వాడుకోవడానికి బడులకు, హాస్టళ్లకు, మసీదులకు మీలాంటి వారు సోలార్ ప్యానెళ్లు, బ్యాటరీలు ఇస్తుంటారు. ప్యానెళ్లు ఇరవై ఏళ్లు దాటినా పనిచేస్తాయి. ముందుగా పోయేవి బ్యాటరీలే. ఎందుకు పోతాయో, దానికి ఉపాయమేమిటో చెబుతాం.

12 వోల్టుల బ్యాటరీలు నాలుగు వరుసగా కలిపితే 48 వోల్టులు. నాలుగింటిలోనూ ఒకే కరెంటు పారుతుంది. కానీ నాలుగూ ఒక్కలా ఉండవు. ఒకటి పాతది, ఒకటి ఎండ తగిలే గోడ పక్కది. ఛార్జర్‌కు మొత్తమే తెలుసు, విడివిడి లెక్క తెలియదు. అది 57.6 వోల్టులు ఇస్తే ఒక్కోదానికి 14.4 రావాలి. బలహీనమైనది త్వరగా నిండి 15.6కు ఎక్కిందంటే, మిగతా మూడింటికీ 14 చొప్పునే మిగులుతుంది. ఎక్కువైన దానిలో నీరు ఆవిరవుతుంది. తక్కువైన వాటిలో పలకల మీద సల్ఫేటు గడ్డకడుతుంది. రాత్రి వాడేటప్పుడు మళ్లీ ఆ బలహీనమైనదే ముందు ఖాళీ అవుతుంది. చివరికి ఒకదాని జబ్బు నాలుగింటినీ తింటుంది.

దీనికి విరుగుడు బ్యాలెన్సర్. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది, ఎక్కువైన ఛార్జిని రెసిస్టర్ ద్వారా వేడిగా వదిలేస్తుంది. ధర తక్కువే గానీ ఆ కరెంటు వృథా. రెండోది, ఎక్కువ ఉన్న బ్యాటరీ నుంచి తీసి తక్కువ ఉన్నదానికి ఇస్తుంది. నిండిన తొట్టిలో చెంబు ముంచి వెలితి తొట్టిలో పోసినట్టే. ఇక్కడ చెంబు పని చేసేది కెపాసిటర్ లేదా తీగచుట్ట. ముంచి పోసే చేతులు ట్రాన్సిస్టర్ స్విచ్‌లు. సెకనుకు వేలసార్లు ఈ పని జరుగుతుంది. దారిలో పోయేది కొద్దిపాటి వేడి మాత్రమే.

లిథియం ప్యాకులకు లోపలే ఇలాంటి కాపలా ఉంటుంది. కానీ ఒక ప్యాకు పక్కన మరొకటి జోడించేటప్పుడు జాగ్రత్త కావాలి. రెండింటి మధ్య తేడా 2 వోల్టులు, దారిలో నిరోధం 0.04 ఓమ్ ఉంటే, కలిపిన క్షణంలోనే 50 ఆంపియర్లు ఒక దానిలోంచి మరొకదానిలోకి దూకుతాయి. మధ్యలో డీసీ-డీసీ కన్వర్టర్ ఉంటే అది చెరువు తూములా కరెంటును కొలిచి వదులుతుంది. అప్పుడు పాత ప్యాకు, కొత్త ప్యాకు కలిసి పనిచేయగలవు.

అయితే బ్యాలెన్సర్ చచ్చిన బ్యాటరీని బతికించదు. బతికున్నవాటి ఆయుష్షు కాపాడుతుంది, అంతే.

అందుకే దాతలకు మా విన్నపం. ఏటా ఒకరు ఒక్కో బ్యాటరీ ఇస్తే పాతది, కొత్తది కలిసి వరుస మళ్లీ అసమానమవుతుంది. నలుగురు కలిసి ఒకే కంపెనీ, ఒకే సామర్థ్యం, ఒకే నెలలో తయారైన నాలుగింటినీ ఒకేసారి ఇవ్వండి. అంచనాలో బ్యాలెన్సర్ ఉందా అని అడగండి. నెలకోసారి ఒక్కో బ్యాటరీ వోల్టేజి విడివిడిగా కొలిచి పుస్తకంలో రాయమని నిర్వాహకులకు చెప్పండి. పరీక్షల రాత్రి కరెంటు పోయినప్పుడు హాస్టల్ పిల్లల ముందు దీపం వెలుగుతుందా లేదా అనేది ఈ చిన్న లెక్కల మీదే ఆధారపడి ఉంది.