జబలె నూర్ ఎక్కే ముందు ఎండ చూడండి, మోకాళ్లు చూడండి

ఉమ్రాకు వెళ్లిన మనవాళ్లలో చాలామందికి గారె హిరా చూడకుండా తిరిగి రావడానికి మనసొప్పదు. జియారత్ బస్సు కొండ కింద ఆగుతుంది. పైన మనుషులు చీమల్లా కనిపిస్తారు. అప్పటికప్పుడు "పదండి, ఎక్కేద్దాం" అంటారు ఎవరో ఒకరు. టైం చూస్తే ఉదయం తొమ్మిది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

జబలె నూర్ శిఖరం సముద్ర మట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తు. మక్కా ఊరే దాదాపు 280 మీటర్ల ఎత్తున ఉంది. అంటే కాళ్లతో ఎక్కాల్సింది సుమారు 300 నుంచి 360 మీటర్లు, ఆరేడు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. మెట్లు వెయ్యికి పైనే ఉన్నాయి గానీ అన్నీ ఒకే ఎత్తు కాదు. వయసులో ఉన్నవాళ్లు గంటలోపు ఎక్కేస్తారు, పెద్దవాళ్లకు రెండు గంటలు కూడా పట్టొచ్చు. శిఖరం చేరితే అయిపోయినట్టు కాదు. గుహకు అవతలి వైపు కొంచెం కిందికి దిగాలి, రాళ్ల మధ్య ఇరుకు సందులోంచి ఒళ్లు పక్కకు తిప్పుకుని దూరాలి. గుహ పొడవు 3.7 మీటర్లు, వెడల్పు 1.6 మీటర్లే.

ఇక ఎండ. జనవరిలో మక్కా పగటి వేడి 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, మన హైదరాబాద్ చలికాలం లాగే. జూన్‌లో 43 దాటుతుంది. 2024 హజ్‌లో మస్జిదె హరాం దగ్గర 51.8 డిగ్రీలు నమోదైంది, ఆ ఏడాది 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. కొండ మీద చెట్టు నీడ దొరకదు. పగలంతా కాలిన రాయి మగ్రిబ్ తర్వాత కూడా సెగ కక్కుతూనే ఉంటుంది. అందుకే ఎండాకాలంలో సాయంత్రం కంటే ఫజర్ నమాజు అవగానే బయల్దేరి, ఎండ ముదిరేలోపు దిగిపోవడం మేలు. నవంబర్ నుంచి జనవరి దాకా అకస్మాత్తుగా వాన పడొచ్చు. తడిసిన రాయి జారుతుంది, వాగులు పొంగుతాయి. మబ్బు పడితే ఆ రోజుకు మానుకోవాలి.

షుగర్, బీపీ ఉన్నవాళ్ల సంగతి వేరు. కొన్ని బీపీ మాత్రలు ఒంట్లో నీరు తగ్గిస్తాయి, దానికి చెమట తోడైతే కళ్లు తిరుగుతాయి. ఉమ్రాకు బయల్దేరే ముందే డాక్టరును అడగండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, పట్టు ఉన్న బూట్లు కావాలి. హవాయి చెప్పులతో ఎక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు! ప్రవక్త (స) కూడా హజ్రత్ ఖదీజా (ర) దగ్గర తిండి సరంజామా తీసుకునే హిరాకు వెళ్లేవారని హదీసులో ఉంది.

మాట తడబడినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి మెడ, చంకలు తడపాలి, స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదు. మక్కాలో ఎమర్జెన్సీ నంబరు 911.

కొండ ఎక్కడం ఉమ్రా అర్కాన్లలో లేదు, ఎక్కకపోతే ఉమ్రాకు లోటేమీ రాదు. ఈ మాట అమ్మీ, అబ్బాలకు హోటల్లోనే చెప్పండి, కొండ కింద చెబితే వినరు. 2023లో తెరిచిన హిరా కల్చరల్ డిస్ట్రిక్ట్ కొండ పాదం దగ్గరే ఉంది. పిల్లలు ఎక్కి దిగేదాకా వాళ్లు అక్కడ వహీ ప్రదర్శన చూస్తూ కూర్చోవచ్చు.

దిగేటప్పుడు తొందర వద్దు. మోకాళ్లకు అసలు భారం అప్పుడే పడుతుంది, బస్సు వాళ్లు ఫోన్ చేస్తూ ఉండేదీ అప్పుడే.