పన్నుల శాఖల ఉన్నతాధికారుల వేతనాలు: వసూళ్లతో ముడిపడని నిర్ణయం

సికింద్రాబాద్‌లోని బన్సీలాల్‌పేట్‌లో, పునరుద్ధరణ అనంతరం 2022 డిసెంబరులో ప్రారంభమైన మెట్లబావి పరిసరాలలో దుకాణం నడుపుకొనే వర్తకుడు పన్నుల రూపేణా మూడు వ్యవస్థలకు జవాబుదారీగా ఉంటాడు. భవనంపై ఆస్తిపన్ను నగరపాలక సంస్థకు, ఆదాయపు పన్ను కేంద్రానికి, వస్తు సేవల పన్ను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు రెండింటికి చేరుతుంది. సాలీనా 1.5 కోట్ల రూపాయల లోపు టర్నోవరు గల వర్తకులలో 90 శాతం మంది రాష్ట్రాల పాలనా పరిధిలోను, 10 శాతం మంది కేంద్రం పరిధిలోను ఉండాలని 2017లో జీఎస్టీ మండలి నిర్ణయించింది. అందువల్ల ఇటువంటి పేటలలోని చిన్న వర్తకులలో అత్యధికులు రాష్ట్ర వాణిజ్య పన్నుల శాఖ కిందికే వస్తారు. ఈ శాఖలకు నేతృత్వం వహించే అధికారుల వేతనం వసూళ్లను బట్టి పెరుగుతుందన్న అపోహకు ఆస్కారం ఉన్నందున, వాస్తవ విధానాన్ని వివరించవలసి ఉన్నది.

బషీర్‌బాగ్‌లోని ఆయకర్ భవన్ నుంచి విధులు నిర్వర్తించే ఆదాయపు పన్ను ప్రధాన ముఖ్య కమిషనరు మూల వేతనం నెలకు 2,25,000 రూపాయలు. ఏడవ కేంద్ర వేతన సంఘం సిఫారసుల మేరకు 2016 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన వేతన పట్టికలో ఇది 17వ స్థాయి. భారత ప్రభుత్వ కార్యదర్శికి లభించే మూల వేతనమూ ఇదే. ముఖ్య కమిషనరు 16వ స్థాయిలోను, ప్రధాన కమిషనరు 15వ స్థాయిలోను, కమిషనరు 14వ స్థాయిలోను ఉంటారు. కమిషనరు వేతనం 1,44,200 రూపాయలతో ప్రారంభమై ఏటా 3 శాతం చొప్పున పెరుగుతుంది. 2025 జూలై నుంచి వర్తించిన 58 శాతం కరవు భత్యాన్ని, హైదరాబాద్ వంటి మహానగరాలకు వర్తించే 30 శాతం ఇంటి అద్దె భత్యాన్ని కలిపినచో ఈ ప్రారంభ మొత్తం 2,71,096 రూపాయలకు చేరింది. ప్రభుత్వ నివాసం పొందినవారికి అద్దె భత్యం ఉండదు. లక్షల కోట్ల రాబడిని పర్యవేక్షించే అధికారికి, అదే హోదాలో మరో శాఖలో పనిచేసే అధికారికి మూల వేతనంలో వ్యత్యాసం లేదని గమనించవచ్చు.

రాష్ట్రంలో పరిస్థితి కొంత భిన్నం. వాణిజ్య పన్నుల కమిషనరుగా సాధారణంగా ఐఏఎస్ అధికారి నియమితులవుతారు. వారి వేతనం అఖిల భారత సర్వీసుల నియమావళి ప్రకారం కేంద్ర పట్టికనే అనుసరిస్తుంది, చెల్లింపు మాత్రం రాష్ట్ర ఖజానా నుంచి జరుగుతుంది. ఆయన కింద పనిచేసే శాఖాపరమైన అధికారులకు రాష్ట్ర వేతన సవరణ వర్తిస్తుంది. తెలంగాణలో 2021లో ఉత్తర్వులు వెలువడిన సవరణలో గరిష్ఠ మూల వేతనం 1,62,070 రూపాయలు. ఒకే కార్యాలయంలో, ఒకే చట్టం అమలుకై పనిచేసేవారు రెండు వేర్వేరు వేతన వ్యవస్థల కింద ఉండుటకు కారణం ఇదే.

కేంద్ర సర్వీసుల మధ్య కూడా పోలిక సమస్య లేకపోలేదు. ఐఏఎస్‌లో ఒక బ్యాచ్ కేంద్రంలో ఒక స్థాయికి చేరినప్పుడు, దానికంటే కనీసం రెండేళ్లు ముందు చేరిన రెవెన్యూ సర్వీసు వంటి వ్యవస్థీకృత గ్రూప్-ఎ అధికారులకు, పోస్టు ఖాళీ లేకపోయినా, ఆ స్థాయి వేతనం ఇచ్చే ఏర్పాటు ఆరవ వేతన సంఘం సిఫారసుల ఫలితంగా వచ్చింది. ఆ రెండేళ్ల అంతరమే నేటికీ చర్చనీయాంశం.

వేతనాన్ని వసూళ్లకు ఎందుకు ముడిపెట్టలేదన్న ప్రశ్నకు ఈ ప్రాంత చరిత్రలోనే సమాధానం లభిస్తుంది. హైదరాబాద్ సంస్థానంలో తాలూకాల శిస్తును గుత్తకు ఇచ్చే పద్ధతి ఒకప్పుడు ఉండేది. గుత్తేదారుకు ఎంత వసూలైతే అంత లాభం. రైతు తాళగలడా లేదా అన్నది అతని లెక్కలోకి రాదు. 1853లో దివాను పదవి చేపట్టిన మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని క్రమంగా తొలగించి, 1865 నాటి జిలాబందీ ద్వారా జిల్లాలను ఏర్పరచి, జీతంపై పనిచేసే తాలూక్‌దార్లను నియమించారు.

ఇటీవలి అనుభవమూ ఉన్నది. పాకిస్తాన్‌లోని పంజాబ్ రాష్ట్రంలో ఆస్తిపన్ను సిబ్బందికి వసూళ్లను బట్టి ప్రోత్సాహకం ఇచ్చి జరిపిన ప్రయోగ ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. రాబడి పెరిగిన మాట నిజమే. అయితే ఆ పెరుగుదల కొద్దిపాటి ఆస్తుల నుంచే వచ్చింది. మిగిలిన యజమానుల పన్ను పెరగలేదు గాని, వారు ఇచ్చుకునే లంచం పెరిగింది. వర్తకుని లెక్కలను తనిఖీ చేసే శాఖ అధికారులే పన్నును కూడా నిర్ధారించే వ్యవస్థలో, విధించే ప్రతి రూపాయిలో అధికారికి వాటా ఉంటే ఆ నిర్ణయాన్ని ఎవరు నమ్ముతారన్నది సహజమైన సందేహం.

ఇందుకు ఒక మినహాయింపు ఉన్నది. కస్టమ్స్ తదితర పరోక్ష పన్నుల విభాగాలలో ఎగవేతలను వెలికితీసిన సమాచారదారులకు, ప్రభుత్వోద్యోగులకు నిర్దేశిత పరిమితులకు లోబడి 20 శాతం వరకు పారితోషికం ఇచ్చే పథకం అమలులో ఉన్నది. ఇది వేతనంలో భాగం కాదు. హక్కుగా కోరుటకు వీలులేదు.