వార్తల్లో పదం: టైట్ లేబర్ మార్కెట్

పనివాళ్లు దొరకడం లేదని యజమానులు మొత్తుకుంటున్న రోజుల్లోనే ఉద్యోగాలు లక్షల్లో పెరగడం ఎలా సాధ్యం? 2022లో అమెరికాలో జరిగింది అదే. ఆ మార్చిలో అక్కడ ఖాళీలు దాదాపు 1.2 కోట్లు, నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. ఇలా మనుషుల కంటే ఖాళీలు ఎక్కువైతే దాన్ని టైట్ లేబర్ మార్కెట్ అంటారు.

కిటుకంతా లెక్కలోనే ఉంది. అమెరికా గణాంకాల్లో నిరుద్యోగి అనిపించుకోవాలంటే గత నాలుగు వారాల్లో పని వెతికి ఉండాలి. కోవిడ్‌కు భయపడి ముందే రిటైరైన పెద్దలు, బడులు మూతపడి ఇంట్లో ఉండిపోయిన తల్లులు ఆ లెక్కలోకి రారు. రెస్టారెంట్లు, గిడ్డంగులు జీతాలు పెంచాక ఇలాంటివాళ్లలో చాలామంది నేరుగా కొలువుల్లో చేరారు. కాబట్టి మనుషుల్లేరని ఎవరైనా అంటే, ఎంత జీతానికి లేరో కూడా అడగాలి. చాలా వార్తల్లో ఆ ప్రశ్నే కనిపించదు.

జీతాల వేడి ధరలను ఇంకా ఎగదోస్తుందని అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఆందోళన పడింది. 2022 మార్చి నుంచే వడ్డీ రేట్లు పెంచుకుంటూ పోయింది. భారీ తొలగింపులు లేకుండానే ఖాళీలు తగ్గాయి. 2024 మధ్యకల్లా ఒక్కో నిరుద్యోగికి ఉన్న ఖాళీలు రెండు నుంచి సుమారు 1.2కు దిగాయి.