ప్రధానానికీ పెండ్లికీ నడుమ

పెండ్లిండ్ల కాలం సమీపించినప్పుడు ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో నాలుగైదు భాషలు ఒక్కసారిగా చెవిని పడతాయి. చీరల బేరం హిందీలో మొదలై బెంగాలీలో ముగియవచ్చు. కాని ఏ రంగు కొనాలన్న విషయంలో తల్లికీ కూతురికీ జరిగే సంప్రదింపు మాత్రం తెలుగులోనే, అందులోనూ శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల యాసలో సాగుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఈ రైల్వే పట్టణానికి తెలుగువారు నిన్న మొన్న వచ్చినవారు కారు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు ఇక్కడ జంక్షన్‌నూ, దానిని ఆనుకొని పెద్ద కార్ఖానానూ నెలకొల్పిన నాటి నుండి, అనగా ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల నుండి, ఉత్తర కోస్తా గ్రామాలవారు పని వెతుక్కుంటూ ఈ దారినే రైలెక్కారు. వారి మనుమలూ మునిమనుమలూ నేడు ఇదే తమ సొంత ఊరని చెప్పుకొంటారు.

వీరిలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నవి. ఆదివారం నాడు తెలుగులో కీర్తనలు పాడే ఆరాధనలు ఇక్కడ తరతరాలుగా జరుగుతున్నవి. ఆ కీర్తనలు తెలుగుదేశంలో పాడుకొనేవే. వాటిని రచించినవారిలో అగ్రగణ్యుడైన పురుషోత్తమ చౌదరి (1803-1890) పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడిన వంగ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, తెలుగులో కీర్తనలు కూర్చాడు. వంగదేశపు సంతతివాడు తెలుగు భక్తులకు పాటలిచ్చాడు. ఆ పాటలను తెలుగు సంతతివారు వంగదేశంలో పాడుకొంటున్నారు.

ఇటువంటి సంఘాలలో పెండ్లికి ముందు చాలాచోట్ల ఒక ఆచారం ఉన్నది. వధూవరుల పేర్లను వరుసగా మూడు ఆదివారాలు ఆలయంలో చదివి వినిపిస్తారు. అభ్యంతరం గలవారు తెలియజేయవచ్చునంటారు. అప్పటికి ప్రధానం జరిగి ఉంటుంది, పెండ్లి జరిగి ఉండదు. పిల్ల పుట్టింటిలోనే ఉంటుంది. అయినా ఆమె గురించి మరొకరు మాటలాడరు. ఇరువురికీ బంధం ఏర్పడింది. కాపురం మాత్రం ఇంకా మొదలు కాలేదు. తలపోసి చూస్తే క్రైస్తవ విశ్వాసి జీవితమంతా సరిగా ఈ నడిమి కాలంలోనే గడుస్తుందని బైబిలు చెబుతున్నది.

ఒక పాత మాట

నేడు నిశ్చితార్థమని పిలుచుకొనే తంతుకు తెలుగునాట చిరకాలంగా ఉన్న పేరు ప్రధానం. వరుని పక్షంవారు పిల్లకు చీర, ఉంగరం పెట్టి మాట ఖాయం చేసుకొంటారు. ఆ ఉంగరానికి ప్రధానపుటుంగరమని పేరు. బైబిలును తెలుగు చేసినవారు ఈ మాటనే ఏరుకొన్నారు. యోసేపుకు మరియ 'ప్రధానం చేయబడిన' కన్య. అది కేవలం వేడుక మాట కాదు. ఆనాటి యూదులలో ప్రధానం చట్టరీత్యా బంధమే. పిల్ల ఇంకా తండ్రి ఇంట ఉన్నా భార్యగానే పరిగణింపబడేది. ఆ బంధం తెగాలంటే విడాకులు తప్పవు. మరియ గర్భవతి అని తెలిసినప్పుడు యోసేపు ఆమెను రహస్యంగా విడనాడ తలచాడనడం ఈ కారణంగానే.

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాస్తూ తనను తాను పిల్ల తరఫు పెద్దగా భావించుకొంటాడు. క్రీస్తు అనే ఒక్క పురుషునికే మిమ్ములను ప్రధానం చేశాను, కనుక మీ మనస్సు చెదరకుండా చూడడం నా బాధ్యత అని ఆయన భావం. పెండ్లి మాత్రం ముందున్నది. బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో గాని గొఱ్ఱెపిల్ల వివాహపు విందు కనిపించదు. ఈ రెంటికీ మధ్యనున్నదే సంఘం నడుస్తున్న కాలం.

పౌలు వాడిన మరొక మాట గోల్‌బజార్ వర్తకునికి సయితం సులువుగా బోధపడుతుంది. దేవుడు విశ్వాసికిచ్చిన పరిశుద్ధాత్మను ఆయన 'అర్రబోన్' అన్నాడు. తెలుగు బైబిలులో దీనిని 'సంచకరువు' అన్నారు. బేరం కుదిరిన తరువాత, మాట తప్పబోనన్న హామీగా ముందు చెల్లించే సొమ్ము అది. బజారులో బయానా అంటారు. బయానా పుచ్చుకొన్న వస్తువు ఇంకా దుకాణంలోనే ఉన్నా, మరొకరికి అమ్మడానికి వీలులేదు. ఆశ్చర్యమేమంటే, నేటి గ్రీకు భాషలో ఆ అర్రబోన్ నుండి పుట్టిన మాటకు నిశ్చితార్థమని అర్థం. పురాతన వర్తకుల బయానా కాలక్రమాన ప్రధానపుటుంగరం అయింది!

ఎదురుచూపు అనే పని

ఖరగ్‌పూర్‌కు ఎదురుచూపు కొత్త కాదు. ఈ స్టేషను ప్లాట్‌ఫారం 1072.5 మీటర్ల పొడవుతో చాలాకాలం ప్రపంచంలోనే పొడవైనదిగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని మించిపోయాయి. కాని ఈ ఊరి తెలుగువారి ఎదురుచూపుకు కొలతలు వేరు. తొలి తరాలలో ఎందరో పురుషులు భార్యను ఊరిలో విడిచి ఒంటరిగా వచ్చారు. కొలువు స్థిరపడాలి, నివాసం దొరకాలి. అప్పటివరకు ఆమె అత్తగారింట ఉండేది. నెలకొక మనియార్డరు, ఎప్పుడో ఒక ఉత్తరం, గోడకు తగిలించిన ఒక ఫోటో: వీటితోనే ఆమె సంసారం సాగేది.

అటువంటి ఇల్లాలు చేతులు ముడుచుకొని కూర్చున్నదా? పొలానికి వెళ్ళింది, పిల్లలను పెంచింది, అత్తమామలకు సేవ చేసింది, వచ్చిన పైకంలో కొంత దాచింది. ఆయన వస్తాడన్న నమ్మకం ఆమెను పని నుండి తప్పించలేదు. పనికి అర్థం చేకూర్చింది. క్రైస్తవ విశ్వాసానికి ఇంతకు మించిన వ్యాఖ్యానం అక్కరలేదు.

యేసు చెప్పిన పదిమంది కన్యకల కథలో గమనింపదగిన అంశం ఒకటున్నది. పెండ్లికుమారుడు ఆలస్యం చేసినప్పుడు బుద్ధిగలవారని పేరు పొందిన ఐదుగురూ నిద్రపోయారు, బుద్ధిలేని ఐదుగురూ నిద్రపోయారు. నిద్రను ఆ కథ తప్పు పట్టలేదు. మానవమాత్రులు అలసిపోతారు. తేడా అంతా సిద్దెలోని నూనెలో ఉన్నది. మెలకువ వచ్చిన క్షణాన దివిటీ వెలిగించడానికి చాలినంత నూనె ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న. నిరంతరం భక్తి ఉప్పొంగుతూ ఉండకపోయినా బెంగపడనక్కరలేదని ఈ కథ ఓదార్చుతున్నది. ఆ నూనెను ఎరువు తెచ్చుకోవడానికి వీలులేదని హెచ్చరిస్తున్నది.

గోదావరి ఒడ్డున ఒక సంభాషణ

భక్తుడు భగవంతుని భర్తగా భావించడం తెలుగువారికి అపరిచితం కాదు. రంగనాథుని వరించిన గోదాదేవి కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో తెలుగులోనే చెప్పాడు. బెంగాలుకూ తెలుగుదేశానికీ ఈ విషయంలో ప్రాచీనమైన చుట్టరికమూ ఉన్నది. సుమారు 1510లో చైతన్యుడు దక్షిణ యాత్రకు బయలుదేరి, గోదావరి తీరాన గజపతి ప్రతాపరుద్రుని అధికారి రామానందరాయలను కలుసుకొన్నాడు. భక్తి మార్గాలలో ఏది శ్రేష్ఠమన్న వారి చర్చ మెట్టుమెట్టుగా పైకి సాగి, చివరకు ప్రేయసీ భావం వద్ద నిలిచిందని కృష్ణదాస కవిరాజు చైతన్య చరితామృతంలో వర్ణించాడు.

క్రైస్తవులలోనూ ఈ తీరున ధ్యానించినవారు లేకపోలేదు. ఫ్రాన్సు దేశపు సన్యాసి క్లెయిర్వో బెర్నార్డు 1135లో పరమగీతంపై ప్రసంగాలు ప్రారంభించి, 1153లో మరణించేనాటికి 86 పూర్తి చేశాడు. అప్పటికి ఎనిమిది అధ్యాయాల ఆ చిన్న పుస్తకంలో మూడవ అధ్యాయపు తొలి పంక్తులను మాత్రమే చేరగలిగాడు.

అయితే బైబిలులోని చిత్రానికి తనదైన ఒక ప్రత్యేకత ఉన్నది. అక్కడ వధువు సాధారణంగా ఏకాంతంలో ఉన్న ఒక్క ఆత్మ కాదు. ఒక జనం, ఒక సంఘం. ఆ వధువు ఎల్లవేళలా విరహంతో తపించేదీ కాదు. తరచుగా మాట తప్పినది. హోషేయ ప్రవక్త భార్య గోమెరు అతనిని వీడి పరులను ఆశ్రయించింది. ఆమెను తిరిగి తెచ్చుకొమ్మని దేవుడు ఆజ్ఞాపించినప్పుడు హోషేయ 15 తులాల వెండి, కొంత యవధాన్యం చెల్లించి, ఒకనాడు తనదే అయిన భార్యను మళ్ళీ కొనుక్కొన్నాడు. ఆ ధరలో కొంత వెండి, కొంత ధాన్యం ఉండడం చదువరి మనస్సును కలచివేస్తుంది. ఉన్న వెండి చాలక కొట్టులోని గింజలు కొలిచి ఇచ్చాడేమో ననిపిస్తుంది. ఇశ్రాయేలీయులతో తన సంబంధం ఇటువంటిదేనని దేవుడు ఆ ప్రవక్త నోట పలికించాడు. నమ్మకం చెడినచోట ధర చెల్లించినవాడు వరుడే. సిలువను క్రైస్తవులు అర్థం చేసుకొన్నది ఈ వెలుగులోనే.

చిత్రం గాయపరచినప్పుడు

ఈ పోలిక అందరికీ ఒకే తీరున వినబడదు. తాగి వచ్చి కొట్టే భర్త గల స్త్రీకి, దేవుడు భర్త వంటివాడని బోధిస్తే ఆమె ఏమనుకొంటుంది? భార్యలు లోబడాలన్న పౌలు మాటను పట్టుకొని తమ దాష్టీకానికి దైవానుమతి ఉన్నదని వాదించినవారు అన్ని దేశాలలోనూ ఉన్నారు.

వారు చదవక విడిచినది ఆ పత్రికలోనే ఉన్నది. ఎఫెసీయులకు వ్రాసిన ఆ లేఖలో పౌలు ముందుగా ఒకరికొకరు లోబడుమన్నాడు. తరువాత, భార్యలకు చెప్పిన దానికంటె ఎక్కువ మాటలు భర్తలకు చెప్పాడు. క్రీస్తు సంఘం కొరకు ప్రాణమిచ్చినట్లు భర్త భార్యను ప్రేమించాలన్నది అక్కడి కొలత. భర్తను చూసి దేవుని అంచనా వేయమని ఆయన ఎన్నడూ అనలేదు. దేవుని చూసి భర్తను కొలవమన్నాడు. కొలబద్ద తిరగబడితే బట్ట కొలత కూడా తప్పుతుంది.

ఒక పెండ్లిలో ఈ చిత్రం ఎలా నిలువగలదో మహారాష్ట్రలో జరిగిన ఒక గాథ తెలుపుతున్నది. మరాఠీ కవి నారాయణ వామన్ తిలక్ 1895లో క్రైస్తవుడయ్యాడు. భార్య లక్ష్మీబాయికి అది పిడుగుపాటు. కొన్ని సంవత్సరాలు దంపతులు ఎడబాసి ఉన్నారు. తిరిగి ఆయన వద్దకు చేరిన తరువాత కూడా ఆమె తన మడి, తన వంట వేరుగానే సాగించింది. తిలక్ ఆమెను బలవంతపెట్టలేదు. చివరకు 1900లో, తనంతట తాను నిశ్చయించుకొని, ఆమె బాప్తిస్మం పొందింది. ఆ ఏళ్ళ కన్నీళ్ళనూ, నవ్వులనూ ఆమె వ్రాసిన 'స్మృతిచిత్రే' మరాఠీ ఆత్మకథలలో మకుటాయమానమని ప్రసిద్ధి. ఎదురుచూడడం వధువుకే కాదు, వరునికీ తప్పదని ఆ కథ చెప్పక చెబుతున్నది.

మరి పెండ్లి కానివారు, భర్త పోయినవారు, విడువబడినవారు? యెషయా ప్రవక్త సరిగా వారినే ఉద్దేశించి మాటలాడాడు. విడువబడి మనస్సు కుంగిన స్త్రీని దేవుడు తిరిగి పిలుచుకొంటున్నట్లు ఆయన చిత్రించాడు. గోల్‌బజార్‌లో పట్టుచీర కొనే అవకాశం ఎన్నడూ రానివారికి కూడా ఆ ప్రధానంలో చోటున్నది.

ఫోటో, ముఖం

పునరుత్థానంలో పెండ్లి చేసుకోవడం గాని, ఇవ్వడం గాని ఉండదని యేసు ఒక సందర్భంలో సెలవిచ్చాడు. ప్రేమించి కాపురం చేసిన దంపతులకు ఈ మాట మొదట కష్టంగా తోస్తుంది. ఇంత ఆప్తమైన బంధం చెరిగిపోతుందా అని మనస్సు చివుక్కుమంటుంది.

ఊరిలో భర్త కోసం ఎదురుచూసిన ఆ ఇల్లాలిని మరల తలచుకోవాలి. గోడమీది ఫోటోను ఆమె రోజూ తుడిచింది. పిల్లలకు చూపి మీ నాయన అని చెప్పింది. దానిని ఎవరైనా తేలికగా చూస్తే సహించలేదు. ఏళ్ళు గడిచి, కొలువు స్థిరపడి, రమ్మని ఉత్తరం వచ్చింది. పిల్లలతో రైలెక్కి, తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో దిగింది. అంత పొడవాటి ప్లాట్‌ఫారం మీద, అన్ని భాషల రద్దీలో, ఆమె వెతికినది ఒక్క ముఖం. అది కనిపించిన క్షణాన, మూటలో భద్రంగా కట్టి తెచ్చుకొన్న ఫోటోను ఆమె తీసి చూసి ఉంటుందా?

ఫోటో అబద్ధం కాదు. ఇన్నాళ్ళూ ఆమెను నిలబెట్టినది అదే. కాని అది చేయవలసిన పని అక్కడితో ముగిసింది.