పెద్ద కుర్చీకే పెద్ద టెన్షనా?

"చిన్న ఉద్యోగం, చీకూచింతా లేదు. టెన్షనంతా పై సీట్లో ఉన్నవాళ్లకే!" ఆఫీసు క్యాంటీన్లలో టీ తాగుతూ చాలామంది అనే మాటే ఇది.

ఈ నమ్మకానికి సైన్సు ముద్ర పడింది కోతుల వల్ల. 1958లో అమెరికా పరిశోధకుడు జోసెఫ్ బ్రేడీ రెండేసి కోతుల్ని పక్కపక్కన కుర్చీలకు కట్టేశాడు. ఒకదాని చేతికి మీట ఇచ్చాడు. అది మీట నొక్కుతూ ఉంటే షాక్ రాదు. ఇరవై సెకన్లు ఏమరితే రెండింటికీ తగులుతుంది. మీట ఉన్న 'ఎగ్జిక్యూటివ్' కోతులకే కడుపులో పుండ్లు పడ్డాయి. మేనేజర్ల అల్సర్లకు కారణం దొరికిందని పత్రికలు సంబరపడ్డాయి.

తిరకాసు ఎంపికలోనే ఉంది. చకచకా మీట నొక్కే కోతుల్నే ఏరి ఎగ్జిక్యూటివ్‌లను చేశారు. తర్వాత జే వైస్ అనే పరిశోధకుడు అలా ఏరకుండా ఎలుకలతో చేసి చూస్తే ఫలితం తిరగబడింది. షాక్‌ను ఆపగలిగిన ఎలుకలకు పుండ్లు తక్కువ, ఊరికే భరించినవాటికి ఎక్కువ. (మనుషుల అల్సర్లకైతే చాలావరకు కారణం ఒక బాక్టీరియా. దాన్ని కనిపెట్టినవాళ్లకు 2005లో నోబెల్ వచ్చింది.)

మరి మనుషుల గుండె మాటేమిటి? లండన్‌లోని వైట్‌హాల్ ప్రభుత్వ ఉద్యోగులపై 1967లో మొదలైన అధ్యయనంలో, పెద్ద అధికారులకన్నా గుమాస్తాల కింది మెట్టున ఉన్న బంట్రోతులు, ద్వారపాలకులు గుండెజబ్బుతో మూడు రెట్లకు పైగా చనిపోయారు. సిగరెట్లు, బీపీ లెక్కేసినా ఆ తేడాలో సగం కూడా తేలలేదు. 1985లో 10,308 మందితో మొదలైన రెండో అధ్యయనం మరో కారణాన్ని చూపింది: తన పనిపై తనకు అదుపు లేకపోవడం. బాత్రూమ్‌కి వెళ్లాలన్నా కంప్యూటర్‌లో బ్రేక్ నొక్కి, నిమిషాలు లెక్కపెట్టుకునే కాల్‌సెంటర్ కుర్రాడికి ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

అలాగని పనిగంటలు ఉత్తవేం కావు. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి.

"గట్టి మనసుంటే తట్టుకోవచ్చు, యోగా క్లాసు పెడితే సరి" అనేది ఇంకో అపోహ. ఫ్రాన్స్ టెలికాం కంపెనీ కేసులో పారిస్ కోర్టు ముందుకొచ్చింది ఉద్యోగుల మనోబలం కాదు, 22 వేల మందిని వదిలించుకునేందుకు యాజమాన్యం వేసిన ప్లాన్. ఉద్యోగుల ఆత్మహత్యలు వెలుగుచూసిన ఆ వ్యవహారంలో, 2019 డిసెంబరులో మాజీ అధిపతి దిదియే లొంబార్‌కు జైలుశిక్ష, కంపెనీకి 75 వేల యూరోల జరిమానా పడ్డాయి.