లాకుల దారిలో లండన్

ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తే మనం చూపించేవి దాదాపు ఒకటే: బిగ్ బెన్, టవర్ బ్రిడ్జి, నీస్డెన్ గుడి. రెండు శనివారాల్లో అవి అయిపోతాయి. ఆ తర్వాత కిటికీ పక్కన కుర్చీ, ఫోనులో సీరియళ్ళు. ఆరు నెలలకని వచ్చినవాళ్ళు మూడో నెలలోనే టికెట్ ముందుకు జరపమనడానికి చలి ఒక్కటే కారణం కాదు. ఈ ఊళ్ళో తమకు తెలిసినదంటూ ఏదీ కనిపించకపోవడం అసలు కారణమని నాకనిపిస్తుంది. మా నాన్నగారు కూడా అప్పటికి రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. అందుకే ఓ ఆదివారం రీజెంట్స్ కెనాల్ గట్టు మీదికి తీసుకెళ్ళాను.

వార్విక్ అవెన్యూ స్టేషన్‌లో దిగితే లిటిల్ వెనిస్ పక్కనే. అక్కడి నుంచి కామ్డెన్ లాకుల దాకా సుమారు నాలుగు కిలోమీటర్లు. టికెట్ లేదు, దాదాపు అంతా చదును. సైకిళ్ళ గంట వినబడితే పక్కకు తప్పుకుంటే చాలు. మరుగుదొడ్లు మాత్రం గట్టు మీద నేనెక్కడా చూడలేదు, బయల్దేరే ముందే ఆ సంగతి చూసుకోండి.

1820లో థేమ్స్ దాకా పూర్తయిన ఈ కాలువ సరుకుల కోసం తవ్వింది. గట్టున గుర్రం నడుస్తూ మోకుతో పడవను లాగేది. మైడా హిల్ సొరంగంలో గట్టు లేదు. గుర్రాన్ని పైనుంచి నడిపించి, పడవవాళ్ళు వెల్లకిలా పడుకుని గోడలను కాళ్ళతో తన్నుకుంటూ వెళ్ళేవారు.

రీజెంట్స్ పార్కు అంచున మాక్లెస్‌ఫీల్డ్ వంతెన దగ్గర నాన్నగారు ఆగిపోయారు. ఇనుప స్తంభాల మీద వేలు పట్టేంత గాట్లు.

"ఇవి మోకు ఒరుసుకున్న గాట్లురా. మా చిన్నప్పుడు కాలవ మీద పడవల్ని గట్టు మీంచి మనుషులే లాగేవాళ్ళు" అన్నారు. మాది కృష్ణా డెల్టా.

ఆయన చెప్పింది నిజమే. స్తంభాలకు రెండు వైపులా గాట్లున్నాయి. 1874 అక్టోబరు 2 తెల్లవారుజామున మందుగుండు పడవ ఒకటి సరిగ్గా ఇక్కడే పేలింది. ముగ్గురు చనిపోయారు, వంతెన కూలిపోయింది. స్తంభాలు మిగిలాయి. తిరిగి నిలబెట్టేటప్పుడు వాటిని అటూ ఇటూ తిప్పి పెట్టారు. దాంతో మోకులు రెండో వైపూ కోశాయి. పేలుడు కంటే ఆ గాట్ల దగ్గరే నాన్నగారు ఎక్కువసేపున్నారు.

అక్కడి నుంచి జూ వెనకగా వెళ్ళి, ప్రిమ్‌రోజ్ హిల్ వైపు మెట్లెక్కాం. గుట్ట మీద నుంచి నగరమంతా కనిపిస్తుంది. మోకాళ్ళు సహకరిస్తే మరికాస్త నడిచి, 10 కింగ్ హెన్రీస్ రోడ్ చూడండి. 1921-22లో ఇక్కడ చదువుకునే రోజుల్లో అంబేడ్కర్ ఉన్న ఇల్లది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. గోడకు నీలి ఫలకం ఉంటుంది. నాన్నగారు చెప్పులు విడిచి లోపలికెళ్ళారు.

ఆ మంగళవారం నేను ఆఫీసు మీటింగులో ఉండగా ఆయన ఫోన్. ఒక్కరే కామ్డెన్ దాకా బస్సులో వెళ్ళారట. "లాకు దగ్గరున్నా. పడవ వచ్చింది. తలుపుకి నేనూ ఓ చెయ్యి వేశాను. నువ్వు తొందరపడకు, మెల్లిగా వస్తాలే" అన్నారు.